వెదురుబద్దల చుక్క: ఆంధ్రేతర ప్రాంతపు తెలుగు క్రైస్తవ గృహములలో ఒక చేతిపని చరిత్ర

ఆంధ్రేతర ప్రాంతములందు తరతరములుగా స్థిరపడిన తెలుగువారి చరిత్ర వ్రాయువారు శాసనములను, నాయకరాజుల దానపత్రములను, నేతవారి వలసలను ఆధారముగా గైకొనుట పరిపాటి. అది యుక్తమే. కాని ఇండ్లలో చేతులతో చేసుకొను చిన్న వస్తువులును చరిత్రకు సాక్ష్యము పలుకగలవు. వానికి శాసనములుండవు; చేసినవారి పేరుండదు; పండుగ ముగిసినతోడనే అవి అటకమీదికో పొయ్యిలోనికో పోవును. అట్టి యొక వస్తువును గూర్చి ఈ వ్యాసమున విచారింపదలచితిని. అది క్రిస్మసు పండుగకు తెలుగు క్రైస్తవులు ఇంటిముందు కట్టు కాగితపు నక్షత్రము.

నేను పనిచేయు పాఠశాల హోసూరు ప్రాంతమున నున్నది. తమిళ, కన్నడ, తెలుగు దేశముల ఎల్లలు కలియు చోటది. డిసెంబరు మాసము వచ్చినదనగా ఇక్కడి తెలుగు క్రైస్తవుల వసారాలలో వెదురుబద్దలతో కట్టి రంగుకాగితము అతికిన ఐదుమొనల నక్షత్రములు వ్రేలాడును. పిల్లలు దానిని 'స్టారు' అందురు. ముసలివారు 'చుక్క' అందురు. ఇది మనకెక్కడినుండి వచ్చినదని యడిగినచో, 'దొరలు తెచ్చినారు' అని యెల్లరును బదులు చెప్పుదురు. నేనును చాల ఏండ్లు తరగతిలో అట్లే చెప్పితిని. ఆ మాట ఎంతవరకు నిలుచునో చూచుటయే ఈ వ్యాసము పని.

నక్షత్రకథకు మూలము మత్తయి సువార్త రెండవ అధ్యాయము. తూర్పుదేశపు జ్ఞానులు ఒక నక్షత్రమును చూచి బేత్లెహేమునకు వచ్చి, శిశువునకు బంగారమును, సాంబ్రాణిని, బోళమును కానుకలుగా సమర్పించిరని అందు కలదు. తక్కిన మూడు సువార్తలలో ఈ వృత్తాంతము లేదు. జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు. కానుకలు మూడగుటచే లోకము వారిని ముగ్గురిని చేసినది. అటులనే నక్షత్రమునకు ఎన్ని మొనలో, ఏ రంగో ఆ గ్రంథమున లేదు. కనుక మన చుక్క ఆకారము గ్రంథమునుండి వచ్చినది కాదు. చేతిపనివారి నుండి వచ్చినది. ఏ చేతిపనివారి నుండి యనునదే ప్రశ్న.

'దొరలు తెచ్చినారు' అనువారు సామాన్యముగా జర్మనీ దేశమును మనసున నుంచుకొందురు. దానికి హేతువు లేకపోలేదు. ఐరోపాలో కాగితపు నక్షత్రములకు పేరెన్నికగన్న ఊరు జర్మనీలో సాక్సనీ ప్రాంతమునందలి హెర్న్‌హుట్. మొరావియా దేశమున మతహింసకు గురియై పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంటులు కొందరు 1722లో జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు జమీనులో ఈ ఊరు కట్టుకొనిరి. 'ప్రభువు కాపుదల' అని ఆ పేరునకు అర్థము. వీరే మొరావియను సోదరులు. అల్పసంఖ్యాకులయ్యు 1732 మొదలుకొని దూరదేశములకు మతప్రచారకులను పంపిరి. ప్రచారకుల బిడ్డలు ఒక వయస్సు వచ్చిన పిదప తలిదండ్రులను విడిచి స్వదేశపు వసతి పాఠశాలలలో చదువుకొనెడివారు. ఆ పాఠశాలలలో ఒకటి నీస్కీ అను ఊరిలో నుండెను. నక్షత్రము పుట్టినది ఆ చదువులచోటనే.

19వ శతాబ్ది పూర్వార్ధమున, ఆ పాఠశాల ఏబదియవ వార్షికోత్సవమునకు 110 మొనలు గల కాగితపు నక్షత్రమును కట్టి దీపము పెట్టి వ్రేలాడదీసిరి. ఘనాకారములను గూర్చి బాలురకు క్షేత్రగణితము నేర్పు సందర్భమున ఈ పని ఆరంభమైనదని చెప్పుదురు. ఉపాధ్యాయుడనగుటచే ఈ సంగతి నాకు మిక్కిలి ప్రీతి కలిగించినది. పలకమీద గీచిన ఘనము బాలునికి అర్థము కాదు. అట్టముక్కను మడచి అతికి చేత పట్టుకొన్నప్పుడే దానికి ఎన్ని ముఖములో తెలియును. క్రిస్మసునకు నాలుగు ఆదివారములు ముందుగా వచ్చు ఆగమన కాలారంభమున నక్షత్రమును కట్టి, జనవరి 6న జ్ఞానుల పండుగ వరకు ఉంచుట ఆ బాలుర వాడుకయైనది. ఎక్కడనో దీవులలో నున్న తలిదండ్రులకు ఆ బాలుడు వ్రాసిన ఉత్తరము చేరుటకే నెలలు పట్టు కాలమది. చేతికి పని, కంటికి వెలుగు, రెండును ఆ నక్షత్రము ఇచ్చినది.

పిమ్మట ఆ శతాబ్ది చివర హెర్న్‌హుట్‌లో వెర్‌బెక్ అను వర్తకుడు ఈ నక్షత్రములను అమ్మకమునకు పెట్టెను. కాలక్రమమున కర్మాగారము ఏర్పడెను. నేడు వాడుకలో నున్న హెర్న్‌హుట్ నక్షత్రపు నిర్మాణమును గమనింపుడు. లోపల ఒక ఘనాకృతి. దానికి 18 చదరములు, 8 త్రిభుజములు, వెరసి 26 ముఖములు. ఒక చదరమును దీపపు తీగకై విడిచి, తక్కిన 17 చదరములపై నాలుగు పలకల మొనలను, 8 త్రిభుజములపై మూడు పలకల మొనలను అమర్చుదురు. మొత్తము 25 మొనలు. వెదురు లేదు, పుల్ల లేదు. గట్టి కాగితము మడతచేతనే బలము పొందును. ఏ దిక్కునుండి చూచినను అది నక్షత్రమే. దానికి ముందు వెనుకలు లేవు.

మన చుక్క అట్టిది కాదు. దానికి ముఖము, వీపు ఉన్నవి. దాని బలము కాగితమున లేదు, వెదురున నున్నది. కాగితము చింపివేసినను చుక్క చుక్కగానే నిలుచును. హెర్న్‌హుట్ నక్షత్రమునుండి కాగితము తీసివేసిన ఏమియు మిగులదు. ఈ ఒక్క భేదము చాలును, ఇవి రెండును ఒక ఇంటి బిడ్డలు కావని చెప్పుటకు.

కాలమును చూచినను అంతే. మొరావియను సోదరులు మన దక్షిణదేశమునకు రాకపోలేదు. 1760లో వారు తరంగంబాడి చేరి అక్కడ తోట వేసికొని కాపురముండిరి. కాని 19వ శతాబ్ది ఆరంభము నాటికే ఆ నివాసము ముగిసినది. అప్పటికి నీస్కీ పాఠశాలలో నక్షత్రము పుట్టనే లేదు. తిరిగి వారు హిందూదేశమున పనిచేసినది హిమాలయ ప్రాంతములందు; 1885లో లేహ్ పట్టణమున స్థిరపడిరి. తెలుగువారికిని వారికిని అక్కడ పొత్తు లేదు. 1882లో కోరాపుటు సీమకు వచ్చి, సాలూరు జయపురములందు పనిచేసిన లూథరను ప్రచారకులు జర్మనులే యైనను బ్రెక్లుమ్ నుండి వచ్చినవారు గాని హెర్న్‌హుట్ వారు కారు. జర్మనులందరును ఒకటే యనుకొనుట మన పొరపాటు. తెలుగువారిని చూచి ఉత్తరదేశీయులు 'మదరాసీ'లనుటవంటిదే యిది.

అట్లని ఆ దేశముతో తెలుగునకు సంబంధమే లేదనరాదు. సంబంధము నక్షత్రమున గాక అక్షరమున నున్నది. తరంగంబాడినుండి మదరాసు వచ్చి అక్కడి తెలుగువారి నడుమ పనిచేయుచు తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ అను లూథరను ప్రచారకుడు, స్వదేశమునకు తిరిగి పోయిన పిదప 1746-47 సంవత్సరములలో హాలే నగరమున తెలుగు పుస్తకములను అచ్చువేయించెను. తెలుగులిపి తొలుత అచ్చయిన పుస్తకములవి. అవి విజయవాడలోనో రాజమహేంద్రవరములోనో నేర్చిన తెలుగు కాదు; నేటి తమిళనాడులో కాపురమున్న తెలుగువారి నోట విన్న తెలుగు. హెర్న్‌హుట్ స్థాపించిన జిన్‌జెన్‌డార్ఫ్ బాల్యమున 1710 నుండి 1716 వరకు చదివినదియు ఆ హాలే పాఠశాలలోనే. ఒకే పట్టణమునుండి ఒక దారి నక్షత్రమునకును, ఒక దారి మన అచ్చుపుస్తకమునకును పోయినది. ఆ దారులు రెండును మన వసారాలో కలియలేదు.

ఇక మన చుక్కను కట్టు విధము వ్రాయుదును. ముదిరిన వెదురును చీల్చి సగము వ్రేలి వెడల్పు బద్దలు పది తీయవలెను. నున్నని పైపొర విడువరాదు. బలమంతయు అందే యున్నది. ఐదు బద్దలతో ఒక చట్రము, తక్కిన ఐదింటితో ఇంకొక చట్రము. ఒక్కొక్క బద్ద నడుమ రెండుచోట్ల ఇతర బద్దలను దాటును. ఒకచోట పైగా పోయిన బద్ద రెండవచోట క్రిందుగా పోవలెను. చాప అల్లువారికి ఇది చెప్పనక్కరలేదు. అట్లు పైక్రిందులుగా పోనిచ్చినచో ముడి వేయకమునుపే చట్రము తనంత తాను నిలుచును. తరువాత మొనలను దారముతో బిగించి, చట్రములు రెండింటిని ఒకదానిపై నొకటి పెట్టి, ఐదు మొనలను కలిపి కట్టవలెను. నడుమ ఏర్పడిన పంచభుజపు ఐదు మూలలయందును జానెడు పొడవు గల అడ్డుపుల్లలను రెండు చట్రముల మధ్య దూర్చినంతనే చుక్క పొట్ట ఉబ్బి నిలుచును. చూచుటకు ముచ్చటయైన ఘట్టమిది. అంతవరకు బల్లపరుపుగా నున్నది ఒక్క క్షణమున వస్తువగును.

కాగితము లెక్క యిది: ముఖమునకు ఒక పంచభుజము, ఐదు త్రిభుజములు, వీపునకు అన్నియే, ప్రక్కలకు పది సన్నని త్రిభుజములు, వెరసి 22 ముక్కలు. గాలిపటముల కాగితమే దీనికి శ్రేష్ఠము. జిగురునకు మైదాపిండిని ఉడికించి, పురుగు పట్టకుండ చిటికెడు మైలుతుత్తము కలుపుట పూర్వపు వాడుక. అది విషము, పిల్లల చేతికి ఈయరాదు. మా పాఠశాలలో ఉత్త మైదాజిగురే వాడుదుము. బొద్దింకలు తిన్నంత తిననిత్తుము. దీపమునకై క్రిందివైపు ప్రక్కముక్క ఒకటి అతుకక విడువవలెను. క్రొవ్వొత్తి పెట్టు దినములలో వేడిమి పోవుటకు పైనను ఒక రంధ్రముంచెడివారు. అయినను గాలి వీచిన రాత్రి చుక్కలు కాలిపోవుట కద్దు. మాకు పొరుగుననున్న కోలారు బంగారు గనులకు శివసముద్రమునుండి 1902లోనే విద్యుత్తు వచ్చినది గాని, చుట్టుపట్టుల పల్లెలకు బల్బు వచ్చుటకు ఇంకను దశాబ్దములు పట్టినది. అంతవరకు చుక్కలో వెలుగు అరగంట ముచ్చటయే.

ఈ పనిలో దొరల చేయి ఎక్కడ నున్నది? బద్ద చీల్చుట, పైక్రిందుల అల్లిక, దారపు ముడి, కాగితపు అతుకు, వీనిలో ఏదియు మన చేతులకు క్రొత్తది కాదు. 1909లో థర్‌స్టన్, రంగాచారిగార్లు ప్రకటించిన దక్షిణ భారత కులముల గ్రంథమున మేదరవారిని గూర్చి వ్రాయుచు, వీరు తెలుగు, కన్నడ, ఒడియా, తమిళ దేశములన్నిట వెదురుపని చేయువారనియు, జల్లెడలు, బుట్టలు, ఊయెలలు, చాపలు, విసనకర్రలు, పెట్టెలు, గొడుగులు, తడికలు వీరి చేతిపనులనియు చెప్పిరి. ఈ సంపుటమున చర్చింపబడుచున్న ప్రాంతములలో అధికభాగము ఆ వాక్యమునందే యిమిడియున్నది. వెదురుచట్రమునకు పైకప్పు వేసి గొడుగు చేయగలవానికి, వెదురుచట్రమునకు కాగితము వేసి చుక్క చేయుట ఎంత పని? మా తాలూకాలో మేదరవారు ఇంట తెలుగే మాటలాడుదురు. వారిలో క్రైస్తవులు అరుదు. అయినను డిసెంబరులో బద్దలకట్టలు అమ్మునది వారే. నేనెరిగినంతలో మా వీధులలో కట్టు చుక్కలలో మేదరి చీల్చిన బద్ద లేని చుక్క మొన్నమొన్నటివరకు లేదు.

వెదురుండి, కాగితముండి, చుక్కను చేయవలెనను కోరిక యుండినచో ఏ దేశమువారైనను ఈ ఆకారమునకే వత్తురనుటకు ఫిలిప్పీను దీవులు తార్కాణము. అక్కడ క్రిస్మసునకు ఇంటింట కట్టు దీపమును 'పరోల్' అందురు. స్పానిష్ భాషలో లాంతరునకు 'ఫరోల్' అని పేరు. దానినుండి వచ్చిన మాటయిది. వెదురుబద్దలతో ఐదు మొనలు కట్టి, రెండు చట్రములను చేర్చి, అడ్డుపుల్లలు దూర్చి, పలుచని కాగితము అతుకుదురు. మొనలకు కాగితపు కుచ్చులు వ్రేలాడదీయుదురు. డిసెంబరు 16 నుండి 24 వరకు వేకువజామున దేవాలయమునకు పోవునప్పుడు ఇట్టి దీపములు త్రోవ చూపెడివని చెప్పుదురు. ఐదుమొనల రూపమును 1908లో పంపాంగా మండలమున ఒక పనివాడు ఆరంభించెనని అక్కడివారి నమ్మకము. మన హోసూరు చుక్కను తీసికొనిపోయి ఆ దీవులలో ఒక ఇంటిముందు కట్టినచో అది పరాయిదని ఎవరును గుర్తింపరు. వారు మనలనుండి నేర్వలేదు. మనము వారినుండి నేర్వలేదు. ఇరువురకును వెదురే నేర్పినది.

మన దేశమునందలి చుట్టములను మరువరాదు. కార్తికమాసమున ఆలయపు ధ్వజస్తంభమునకు ఆకాశదీపమెత్తుట తెలుగునాటను ఒడిశాలోను ఉన్న ఆచారమే. దక్షిణ కన్నడమున దీపావళికి వెదురుబద్దలతో రంగుకాగితముతో గూడుదీపము కట్టుదురు. మహారాష్ట్రమున అదియే ఆకాశకందీలు. షోలాపురపు పద్మశాలీలు, ముంబయిలోని కామాఠీలు తరతరములుగా ఆ కందీళ్ళ వెలుగున దీపావళి చేసికొన్నవారే. కందీలు అను మాట తెలుగునను కలదు. లాటిను 'కాందేలా' గ్రీకుల మీదుగా అరబ్బీలో 'కిందీల్'గా మారి మన దేశము చేరినది. ఆంగ్లమున క్రొవ్వొత్తికి గల 'క్యాండిల్' అను పేరును ఆ లాటిను మాట బిడ్డయే. చుక్కలోపల వెలుగు క్రొవ్వొత్తియు, చుక్కకు అన్నయైన కందీలును పేరునుబట్టి ఒకే వంశమువన్నమాట. దీపావళి కందీలు కట్టిన చేయి నెల తిరుగకమునుపే క్రిస్మసు చుక్క కట్టినచో అందు ఆశ్చర్యమేమి? కథ బేత్లెహేమునుండి వచ్చినది, పనితనము ఇంటిదే.

నక్షత్రమును చెప్పి కానుకలను విడుచుట తగదు. మత్తయి రెండింటిని ఒకచోటనే చెప్పెను. పండుగనాడు అరిసెలు, కజ్జికాయలు, గులాబీపువ్వులు అను పిండివంట, ఇటీవల కేకు, ఇరుగుపొరుగు హిందూ ముసల్మాను గృహములకు పంపుట తెలుగు క్రైస్తవుల ఆచారము. పంపుటకు కట్టు విధమే యిక్కడ విషయము. చుక్కకు కత్తిరింపగా మిగిలిన రంగుముక్కలు వృథా పోవు. పెద్దవి కానుక చుట్టుటకు, చిన్నవి గొలుసులు చేయుటకు. అంతకు పూర్వము అరటియాకు, మోదుగాకు, బరంపురము వైపున అడ్డాకు. ఆకులో పెట్టి అరటినారతో కట్టినది పొట్లము. తమిళులు పొట్టలమనియు కన్నడిగులు పొట్టణమనియు అందురు. బట్టలో కట్టినది మూట. తమిళమున మూట్టై, కన్నడమున మూటె. అంగడి కాగితము రాకమునుపే కానుకను కట్టుటకు మన మూడు భాషలకు ఉమ్మడి పేర్లున్నవని దీనిచే తేలుచున్నది. జపానువారు 'ఫురోషికి' అను చదరపు బట్టలో కానుకను కట్టి యిత్తురు. బట్ట తిరిగి వచ్చును. మన యిండ్లలో తిరిగి వచ్చునది గిన్నె. గిన్నెపై రుమాలు కప్పి పంపుదురు. అందుకొన్నవారు ఉత్తగిన్నె తిరిగి ఈయరు, చక్కెరయైనను వేసి యిత్తురు.

రంగుల బొమ్మలు అచ్చువేసిన కానుకకాగితము కథ వేరు. 1917లో అమెరికాలోని కాన్సాస్ నగరమున హాల్ సోదరుల దుకాణములో పండుగ రద్దీకి చుట్టుకాగితము అయిపోయినది. కవరుల లోపలివైపు అతుకుటకై ఫ్రాన్సునుండి తెప్పించిన పూలకాగితమును ఆ తొందరలో బల్లమీద పెట్టిరి. అది వెంటనే అమ్ముడుపోయినది. ఆపైన తామే అట్టి కాగితము అచ్చువేయసాగిరి. సరకు కొరతనుండి పుట్టిన వ్యాపారమది. నేడు మా ఊరి అంగడిలోను ఆ జాతి కాగితమే దొరకును. విప్పిన మరుక్షణము అది చెత్త. ఆకైనచో ఆవు తినును.

చుక్కకును ఇటీవల అదే గతి పట్టుచున్నది. ప్లాస్టిక్ నక్షత్రము మడచి సంచిలో పెట్టుకొని తెచ్చి తగిలించుటకు రెండు నిమిషములు చాలును, వానకు తడియదు, మరుసటి యేడును పనికివచ్చును. దానిని కొన్నవారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. కాని మేదరి బద్దలకట్ట అమ్ముడుపోదు. వెదురు దొరకుటయు మేదరికి సులభముగా లేకుండెను. 1927 నాటి అరణ్యచట్టమున వెదురు చెట్టుగా పరిగణింపబడుటచే, రైతు గట్టుమీది వెదురును నరికి తరలించుటకు సైతము అనుమతులు కావలసివచ్చెడివి. వృక్షశాస్త్రము వెదురును గడ్డిజాతిలో చేర్చినది. చట్టము తొంబది యేండ్లు దానిని చెట్టన్నది. 2017లో చేసిన సవరణచే అరణ్యేతర భూములలోని వెదురు ఆ నిర్వచనమునుండి తొలగినది. అప్పటికి మా వీధి మేదరి కుటుంబములలో కొందరి బిడ్డలు హోసూరు కర్మాగారములకు పనికి పోయియుండిరి.

ఇందు నాకు గల బాధ వేరొకటి. 2006లో తమిళనాడున తమిళ భాషాభ్యసన చట్టము వచ్చిన పిదప ఒకటవ తరగతి నుండి క్రమముగా తమిళము నిర్బంధ పాఠ్యాంశమైనది. ఉన్న నేల భాష నేర్చుట బిడ్డలకు మేలే; దానికి నేను విరోధిని గాను. కాని తెలుగునకు మిగులు సమయము తగ్గినది. చేతిపని తరగతియు ఉండీ ఉండనట్లున్నది. మా విద్యార్థులు పాఠ్యపుస్తకమున వెదురు అను మాట చదువగలరు. కణుపు అన్నచో తెలియదు. బద్ద, ఈనె, పురి, అతుకు, చీల్చుట, ఇవి పుస్తకమున లేవు; మేదరవీధిలో ఉన్నవి. కొన్నేండ్ల క్రిందట ఒక డిసెంబరున చుక్క కట్టు పనిని తెలుగు తరగతిలోనే పెట్టి, ఎవరింట ఏ మాట అందురో వ్రాసి తెమ్మంటిని. ఒకడు బద్ద యని, ఒకతె దబ్బ యని, మరియొకడు తమిళపు మాటను, వేరొకడు ఆంగ్లమును తెచ్చిరి. క్రైస్తవ బాలురకంటె ఆ పనిలో హిందూ బాలికలే ముందుండిరి. వారు దీపావళి కందీలు కట్టి యెరుగుదురు. ఆ నోటుపుస్తకము ఇప్పటికి నా బీరువాలో నున్నది. బడిలో తెలుగు చదువువారు తగ్గినకొలది అందు చేరు మాటలును తగ్గుచున్నవి. మొదటి యేట రెండు పుటలు నిండినవి. గడచిన యేట ముప్పాతిక పుట.

గడచిన డిసెంబరున ఒక పరీక్ష చేసితిమి. ఐదుమొనల చుక్కలో బద్దను అడ్డబద్దలు దాటు చోట్లు ఎక్కడ పడునో లెక్క కలదు. మొన మొదలు మొదటి దాటు వరకు 13 పాళ్ళు, రెండు దాట్ల నడుమ 8 పాళ్ళు, అటనుండి రెండవ మొనకు 13 పాళ్ళు. అనగా 34 అంగుళముల బద్దపై 13వ అంగుళము వద్దను 21వ అంగుళము వద్దను గుర్తులు పెట్టవలెను. వెంట్రుకవాసి తేడా తప్ప లెక్క సరిపోవును; మొన కోణము 36 డిగ్రీలు వచ్చును. పంచభుజమును గీచు విధము యూక్లిడు నాలుగవ పుస్తకమున కలదు. బాలురు ఈ లెక్కతో గుర్తులు పెట్టి ఒక చుక్క కట్టిరి. మేదరవీధినుండి వచ్చిన వృద్ధుడు కొలబద్ద ముట్టలేదు. బద్దలను ఒకదాని ప్రక్క నొకటి పేర్చి తల సరిచేసి, పదింటిని ఒక్కవేటున కోసి, గుర్తులు లేకయే అల్లెను. మా చుక్క మొన యొకటి ఎంత బిగించినను ప్రక్కకు వంగియుండెను. లెక్క తప్పినదేమోనని మరల కొలిచితిమి, తప్పలేదు.

వృద్ధుడు మా చుక్కను అటునిటు త్రిప్పి చూచి, 'అయ్యవారూ, కణుపు మీద దాటించినారు. కణుపు వంగదు గదా' అనెను. తన బద్దలను చూపెను. పదింటిలోను కణుపులు రెండు దాట్ల నడుమనే పడియుండెను. బద్దలను పేర్చి తల సరిచేయునప్పుడు ఆయన చూచినది పొడవును మాత్రమే కాదు. అటుపిమ్మట బాలురు ఆ నోటుపుస్తకమున 'కణుపు' అను మాటకెదురుగా ఏమి వ్రాయవలెనని నన్ను అడుగలేదు, ఆయననే అడిగిరి.